బాపు రివాల్వర్ ఉంచుకోవాలా, మార్చాలా?

హన్మకొండ_బిడ్డ
అందరికీ నమస్తే. పరకాల రోడ్డులో మాకు పెట్రోల్ బంకు ఉంది. బాపుకు 1996 నుంచి లైసెన్సు ఉంది. ఆయన దగ్గరున్నది కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీ రివాల్వర్, థర్టీ టూ బోర్ (బోర్ అంటే గొట్టం రంధ్రం కొలత), ఆరు తూటాలది. ఇప్పుడాయనకు 72 ఏళ్లు. యజమానికి 70 నిండినా, ఆయుధం తీసుకుని 25 ఏళ్లు గడిచినా వారసుల పేరు మీదికి మార్పించుకోవచ్చని 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది. అందుకే నా పేరున దరఖాస్తు పెట్టాం. నాలుగేళ్లుగా నగదు తీసుకెళ్లి బ్యాంకులో కట్టేది నేనే.

ఇబ్బందల్లా నా చెయ్యి చిన్నది. ఖాళీ రివాల్వర్ పట్టుకుంటే ట్రిగ్గర్ మీద వేలి కొస మాత్రమే ఆనుతోంది. లాగితే గొట్టం పక్కకు తిరుగుతోంది. ఇదే ఉంచుకోనా, అమ్మేసి నా చేతికి సరిపోయే చిన్నది తీసుకోనా?

కోట_గోడ
బిడ్డా, ఉంచుకో. పంతొమ్మిదేళ్లు ఫౌజులో చేసొచ్చిన వాణ్ణి, చెప్తున్న విను. రివాల్వర్‌లో తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే చాలు, పక్క తూటా ముందుకొస్తుంది. పిస్టల్ అయితే పైన జారే ఇనుప భాగం, అదే స్లైడ్, వెనక్కి గుంజి, పేలనిదాన్ని బయటపడేసి, మళ్లీ గురి పెట్టాలి. అంత టైం ఎవడిస్తాడు? చెయ్యి చిన్నదంటే అలవాటు లేకనే. రోజూ లాగుతూ ఉంటే వేలు దానంతటదే దారికొస్తుంది.

ఓరుగల్లు_తమ్మి
గ్లాక్ కొనుక్కో అక్కా, రంది ఉండదు 😄

కమలాపూర్_కాకా
గ్లాక్ అంటే ఎక్కువగా తొమ్మిది ఎం.ఎం. విదేశీ పిస్టల్. తొమ్మిది ఎం.ఎం. మామూలు లైసెన్సుకు రాదు తమ్మీ, అది నిషిద్ధ బోర్. బయటి దేశం సరుకు దిగుమతి ఆగి కూడా ఏళ్లయింది. మనకు ఎక్కువగా దొరికేది థర్టీ టూ, లేదంటే ట్వంటీ టూ. ఇంకో మాట. థర్టీ టూ రివాల్వర్ తూటా వేరు, థర్టీ టూ పిస్టల్ తూటా వేరు. పేరు ఒకటే కదా అని ఇంట్లో మిగిలిన డబ్బా పిస్టల్‌కు పనికొస్తుందనుకోవద్దు.

మానేరు_ఒడ్డు
కోట_గోడ గారూ, వేలు దారికి రాదు. ఎముక పొడవు ప్రాక్టీసుతో పెరగదు కదా.

అక్కా, ముందు ఖాళీ అని రెండుసార్లు చూసుకుని మామూలుగా పట్టుకోండి. గొట్టం మీ ముంజేతికి సూటిగా ఉండాలి. అలా ఉన్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి రావాలి. రావడం లేదని చెయ్యి పక్కకు తిప్పారా, దెబ్బ అరచేతికి కాక బొటనవేలి మొదట్లో తగులుతుంది. వేలి కొసతో నెడితే కుడిచేతివాళ్లకు తూటా ఎడమకు పోతుంది. మీ గొట్టం తిరగడానికి కారణం ఇదే, మీ బలం తక్కువని కాదు.

నా సంగతి చెప్తాను. కరీంనగర్ నుంచి పోయి ఒక చోట షూటింగ్ నేర్చుకున్నాను. అందరికీ ఒకటే పిస్టల్, పెద్ద పిడి. రెండేళ్లు నా గురి ఎడమకే పోయింది. "ఆడపిల్లవు, మణికట్టులో సత్తువ లేదు" అన్నారు. నేనూ అదే నిజమనుకున్నాను. తర్వాత గచ్చిబౌలి రేంజిలో ఒకరు సన్న పిడి ఉన్నది ఇచ్చారు. ఆ పూటే తూటాలన్నీ మధ్యకు వచ్చాయి. రెండేళ్లు ఊరికే ఏడ్చాను.

కోట_గోడ
ఆటకు కాల్చేది వేరు, అవసరానికి కాల్చేది వేరు. పిస్టల్ ఇరుక్కుంటే ఏం చేస్తావో అది చెప్పలేదు.

మానేరు_ఒడ్డు
పిస్టల్ కొనమని నేనెక్కడ అన్నాను? చేతికి కుదరాలన్నాను.

కోట_గోడ
చేతికి కుదరాలంటే చివరికి పిస్టలే అంటావు. చిన్న పిస్టల్ స్లైడ్ ఎంత బిగువుగా ఉంటుందో తెలుసా? థర్టీ టూ పిస్టళ్లలో చాలావాటికి గొట్టాన్ని స్లైడ్‌తో బిగించే లాక్ ఉండదు. తూటా పేలినప్పుడు స్లైడ్‌ను ఆపేది దాని బరువు, స్ప్రింగూ అంతే. అందుకే తూటా చిన్నదైనా స్ప్రింగ్ గట్టిది పెడతారు. ట్రిగ్గర్ లాగలేని మనిషి దాన్ని గుంజుతుందా?

మానేరు_ఒడ్డు
ఈ ఒక్క మాట నిజం, ఒప్పుకుంటాను. కానీ దానికి ఉపాయం ఉంది. స్లైడ్‌ను వెనక్కి గుంజడానికి తంటాలు పడొద్దు. ఎడమచేత్తో స్లైడ్‌ను గట్టిగా పట్టుకుని, పిస్టల్‌ను గుండెకు దగ్గరగా తెచ్చి, కుడిచేత్తో పిడిని ముందుకు నెట్టాలి. అప్పుడు ఒళ్లంతా సాయపడుతుంది. గొట్టం మాత్రం ఎదుటి గోడ వైపే, వేలు ట్రిగ్గర్ బయటే.

జమ్మికుంట_శీను
2014లో ఆడవాళ్ల కోసమని కాన్పూర్ వాళ్లు అర కిలో రివాల్వర్ తెచ్చారు కదా, నిర్భీక్. అప్పట్లో ధర లక్షా 22 వేలు. అది తీసుకుంటే అయిపోతుంది కదా.

మానేరు_ఒడ్డు
శీను గారూ, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆడవాళ్లంటే తేలికది! బరువు తగ్గితే సంచీలో మోయడం సుఖమే. కానీ అదే తూటా తేలిక రివాల్వర్‌లోంచి పేలితే చేతిని ఎక్కువ తంతుంది. పాత కాన్పూర్‌ది 700 గ్రాముల దగ్గర ఉంటుంది. ఆ 200 గ్రాములు దెబ్బను కాస్త మింగుతాయి. గొట్టం పొట్టిదైతే దాని మీద గురి చూసే గుర్తులు, ముందు గురికీ వెనక గురికీ, దూరం తక్కువ, చెయ్యి కొంచెం వణికినా తప్పు పెద్దదవుతుంది. మోసేటప్పుడు కలిసొచ్చిందంతా కాల్చేటప్పుడు కట్టాల్సిందే.

కోట_గోడ
చూశావా, నా మాటకే వచ్చావు. పాతదే మంచిది.

మానేరు_ఒడ్డు
బరువు మంచిదన్నాను! ట్రిగ్గర్ అందని దాని బరువు ఎంత మంచిదైతే ఏం లాభం?

కోట_గోడ
వెనకుండే సుత్తి, అదే హ్యామర్, బొటనవేలితో వెనక్కి లాగి కాల్చాలి. అప్పుడు ట్రిగ్గర్ ముట్టుకుంటే చాలు. పాతికేళ్లు వాళ్ల బాపు అట్లనే చేసుంటాడు.

కమలాపూర్_కాకా
టెన్షన్‌లో హ్యామర్ లాగి పెట్టుకుని, అవసరం తప్పిపోయాక మెల్లగా దించబోతూ తూటా పేల్చుకున్న మనిషిని నేను ఎరుగుదును. కాలు పోలేదు, చెప్పు పోయింది. ముట్టుకుంటే పేలేది మంచిదా చెడ్డదా మీరే ఆలోచించుకోండి.

మానేరు_ఒడ్డు
కోట_గోడ గారూ, ఇంతసేపూ ఆమె చెయ్యి గురించి ఒక్క ప్రశ్నైనా అడిగారా? ఎడమచేతివాటమా, దగ్గరి చూపుకు అద్దాలున్నాయా, ఏదీ లేదు. "బాపుది, బాపుది" తప్ప ఇంకో మాట లేదు. మీ మగవాళ్లకు ఆయుధమంటే ఇంట్లో వేలాడే ఫొటో.

కోట_గోడ
నోరు జాగ్రత్త.

జమ్మికుంట_శీను
మెల్లగా మాట్లాడుకుందాం సార్, మేడం.

కోట_గోడ
ఫొటోనే. అవును. మా నాయినది డబుల్ బ్యారెల్ తుపాకి ఉండేది. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్లో డిపాజిట్ చేయాలి, మళ్లీ తెచ్చుకోవాలి. ఒకసారి తెచ్చుకునేసరికి గొట్టం లోపల తుప్పు. నాయిన పోయినాక మా కొడుకు "మనకెందుకిది" అన్నాడు. నేనూ సరే అన్న. డీలర్ ఇచ్చినంత తీసుకుని ఇంటికొచ్చి, దాని ఖాళీ తోలు సంచి చూసి కూచున్న. ఈ పిల్ల అమ్మేస్తానంటే నాకు అదే యాదికొచ్చింది. వేలి పొడవు నాకు తెలవదా? నేను ఎంతమందికి నేర్పిన.

మానేరు_ఒడ్డు
ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే నేను అంత మాట అనేదాన్ని కాదు. కానీ సార్, దాచుకునే వస్తువా, కాల్చే వస్తువా అన్నది ఆమె తేల్చుకోవాలి. దాచుకునేదైతే మీరన్నది కరెక్టు. నడుముకు పెట్టుకుని నగదుతో పోయేదైతే నేనన్నది.

కోట_గోడ
రెండూ ఒకటే ఎందుకు కావద్దు?

ఓరుగల్లు_తమ్మి
నగదుతో పోయేటప్పుడు ఇంకో మనిషిని వెంటేసుకుని, రోజూ టైం మార్చి పోతే తుపాకి గొడవే ఉండదు. నేను జోక్ చేయట్లేదు ఈసారి.

హన్మకొండ_బిడ్డ
అందరికీ థాంక్స్. కుడిచేతివాటమే. దగ్గరి చూపుకు అద్దాలున్నాయి, ముందు గురి మసకగానే కనిపిస్తోంది. నిన్న డీలర్ దగ్గరికి పోయి, ఆయన అనుమతితో ఖాళీవి మూడు పట్టుకుని చూశాను. పిస్టల్‌కు వేలు హాయిగా అందింది. స్లైడ్ మానేరు అక్క చెప్పినట్టు నెడితే పదిలో ఏడుసార్లు వచ్చింది. చివరికొచ్చేసరికి చెయ్యి అలిసిపోయింది. 2023లో వచ్చిన ప్రబల్ అనే కాన్పూర్ రివాల్వర్ కూడా చూశాను. తూటాలు పెట్టే సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, మాదానిలా నడుమ విరవక్కర్లేదు. బాగుంది కానీ పిడి నాకు లావే. మా పాతదాని పిడి చెక్కలు విప్పి సన్నటివి పట్టించి చూపించాడు. వేలు ముందుకన్నా నయంగా వచ్చింది, పూర్తిగా రాలేదు. ట్రిగ్గర్ స్ప్రింగ్ కోసి తేలిక చేస్తానన్నాడు, వద్దన్నాను.

రాత్రి ఇవన్నీ బాపుకు చదివి వినిపించాను. నవ్వాడు. ఇన్నేళ్లలో ఆయన కాల్చింది ఆరు తూటాలట. అన్నీ హ్యామర్ లాగే. రెండు తగిలాయి. "నాకూ అందలేదు బిడ్డా, ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

ముందు రేంజిలో సన్న చెక్కలతో కాల్చి చూస్తాను. కుదరకపోతే పిస్టల్‌కు మార్చమని పోలీసు కమిషనరేట్‌లో అడుగుతాను.

కోట_గోడ
పాత చెక్కలు పారేయకు. గుడ్డలో చుట్టి దాచు. వాటికి రెండు స్క్రూలుంటాయి, అవి కూడా.