ఓటరు కార్డు ఉంది, జాబితాలో పేరు లేదు

గోదారిగట్టు: కార్డు చూపిస్తే ఓటు వేయనిస్తారా? ఫారం 7తో ఎవరైనా మన పేరు తీయించగలరా?

ఓరుగల్లు: వేయనివ్వరండీ. కార్డు గుర్తింపుకే, హక్కు జాబితాలో పేరుతోనే. ఫారం 7 ఉత్త అభ్యంతరం. బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) విచారించాలి, నోటీసు రావాలి. ఇల్లు మారినవాళ్ల నోటీసు పాత చిరునామాకే వెళ్తుంది, పేరు పోయేది అక్కడే. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7లు లక్షల్లో వచ్చాయి. అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు. ఇది నిజంగా అమలు కావాలి.

కొల్లేరు: తొలగింపు ఉత్తర్వుపై 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేయండి. గడువు దాటితే ఫారం 6తో కొత్తగా నమోదు. ఇల్లు మారగానే ఫారం 8 ఇవ్వండి. నామినేషన్ల చివరి రోజు దాటాక పేరు చేరదు, ముందే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి చూసుకోండి.