‘నిగ్రహించి పలుకుట’ అంటే ఓర్పుతో మాట్లాడటమా, ఎదుటివారిని అణచి మాట్లాడటమా?

సభ్యులందరికీ నమస్కారం. బద్దెన పేరిట ప్రచారంలో ఉన్న సుమతి శతకంలోని ఈ కందం మనలో చాలామందికి చిన్ననాడే నోటికి వచ్చి ఉంటుంది.

బలవంతుఁడ నాకేమని
పలువురతో నిగ్రహించి పలుకుట మేలా
బలవంతమైన సర్పము
చలిచీమలచేతఁ జిక్కి చావదె సుమతీ

మొన్న శనివారం రాత్రి మా ఆటబల్ల దగ్గర ఎవరో సరదాగా ఈ పద్యం చదివితే, ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న ఒక కుర్రవాడు రెండో పాదం దగ్గర ఆగిపోయి, “నిగ్రహం అంటే ఓర్పు కదా, ఓర్పుతో మాట్లాడటం మంచిదే కదా, మరి మేలా అని తప్పుపడతాడేమిటి?” అని అడిగాడు. కొందరు నవ్వారు గానీ అది నవ్వి వదిలేయవలసిన ప్రశ్న కాదు. ఈనాటి వాడుకలో నిగ్రహం అన్న మాటకు ‘తనను తాను అదుపులో పెట్టుకోవటం’ అన్న అర్థం ఒక్కటే మిగిలింది. ఇంద్రియనిగ్రహం, మనోనిగ్రహం అన్న సమాసాల్లో అదుపు చేయబడేది ఏదో ముందే చెప్పి ఉంటుంది. క్రమంగా ఆ ముందు మాట జారిపోయినా, అణచవలసింది తన మనసునే అన్న భావం మాత్రం నిలిచిపోయింది. దుష్టనిగ్రహం, నిగ్రహానుగ్రహ సమర్థుడు అన్నచోట్ల మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. అక్కడ నిగ్రహం అంటే ఎదుటివాణ్ణి పట్టి అణచటం, శిక్షించటం. పద్యంలో ఉన్నది ఈ రెండోదే.

ఇంతవరకు నిఘంటువు తెరిచినవారెవరైనా చెప్పగలరు. నా మనసులో ఉన్న సంగతి చెప్పాలంటే, ఆ శనివారం పద్యం ఎందుకు వచ్చిందో చెప్పాలి.

మేము ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనివారికోసం రెండు మాటలు చెబుతాను. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో మూడు చిన్న పుస్తకాలుగా వెలువరించిన ఆట ఇది. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరించి, ఏం చేస్తామో నోటితో చెబుతారు. ఫలితం సందేహమైన చోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపే వ్యక్తిని ఇప్పుడు డంజన్ మాస్టర్ అంటున్నారు. మేము మాత్రం సూత్రధారి అంటాం, ఆ పని నాది. బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధక్రీడల నుంచి పుట్టినందువల్ల మొదటి పుస్తకాల్లో ఆ వ్యక్తిని రిఫరీ అన్నారు. యుద్ధక్రీడలో గెలుపు ఓటములున్నాయి. ఈ ఆటలో బల్ల చుట్టూ కూర్చున్నవారంతా ఒకే పక్షం, గెలిచేవారంటూ ఎవరూ లేరు. అయినా కొందరు తక్కినవారి మీద గెలవటానికే కూర్చుంటారు.

మా అయిదుగురిలో ఒకతను అలాంటివాడు. నియమాలన్నీ కంఠస్థం. అతని పాత్ర ఒక పాలడిన్, అంటే వ్రతం పట్టిన యోధుడు, బలం 18, అంటే చాలా ఎక్కువ. కోట ద్వారం దగ్గర కాపలావాణ్ణి మాటలతో బుట్టలో వేయటానికి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి తన పాత్ర తరఫున నోరు తెరిచింది. ఆమె వాక్యం పూర్తి కాకముందే అతను బజ్జీల పళ్ళెం పక్కకు జరిపి, పాచిక చేతిలోకి తీసుకుని, “నువ్వుండమ్మా, వాడితో నేను మాట్లాడతాను” అన్నాడు. “సరే అన్నా” అని ఆమె ఆ తరువాత గంటసేపు ఫోను చూసుకుంటూ కూర్చుంది.

ఆ ‘ఉండమ్మా’ను గమనించమని మనవి. అందులో కరకు మాట లేదు, పైపెచ్చు ‘అమ్మా’ అన్న ఆప్యాయత ఉంది. మన టీకాతాత్పర్యాల్లో ‘నిగ్రహించి పలుకుట’కు కఠినంగా మాట్లాడటం, విరోధించి మాట్లాడటం అని రాస్తుంటారు. నాకు అది చాలదనిపిస్తుంది. ధాతువులో ఉన్నది ‘పట్టు’. ఎదుటివాడి మాటను గొంతులోనే పట్టి ఆపి, ఆ ఖాళీలో తన మాట పలకటమే నిగ్రహించి పలకటం, అది తిట్టుతోనూ జరుగుతుంది, తేనె పూసిన పిలుపుతోనూ జరుగుతుంది. మొదటి పాదం కూడా ఈ అర్థానికే సాయపడుతుంది. ‘బలవంతుఁడ’ అన్నది సంబోధన కాదు, ‘బలవంతుఁడను’ అని ఆ మనిషి తన గురించి తాను అనుకునే మాట. ‘నాకేమి’ అన్నదానికి నాకేమి భయమన్న ధీమా ఒక అర్థమైతే, ఎవరేమైపోతే నాకేమి అన్న పట్టనితనం రెండోది. మా పాలడిన్‌లో నేను ఎక్కువగా చూసింది ఈ రెండోదాన్నే.

ఇక నేను చేసిన తప్పు. మన పురాణకథల్లో గర్వభంగం ఎంత ఇష్టమైన ఘట్టమో మీకు తెలుసు. సత్యభామకైనా, గరుత్మంతుడికైనా, అర్జునుడికైనా ఏదో ఒక రోజు అది తప్పలేదు. సూత్రధారిగా నాకూ ఆ సరదా పుట్టి, వారి స్థాయికి మించిన డ్రాగన్‌ను గుహలోంచి బయటికి వదిలాను. అది మొదట చంపింది ఆ అమ్మాయి పాత్రను. పాలడిన్ బతికాడు. “నేను ముందే చెప్పాను కదా, ద్వారం దగ్గరే నా మాట వినాల్సింది” అని అతను ఇంకో అరగంట పలికాడు. ద్వారం దగ్గర మాటలన్నీ అతనివే అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పెద్ద పామును చంపటానికి ఇంకా పెద్ద పామును తెచ్చినట్టయింది. పద్యంలో పామును చంపింది మరో పాము కాదు కదా.

తరువాత అతనితో విడిగా మాట్లాడదామనుకున్నప్పుడు ఏ మాట వాడాలన్న చిక్కు వచ్చింది. మన భాషలో ఈ జబ్బుకు పేర్లకు కొరత లేదు. పొగరు, బలుపు, కొవ్వు, టెక్కు, కావరం, అహంకారం అన్నీ ‘నీకు’ అన్న మాటతో వస్తాయి. నీకు జ్వరం, నీకు పొగరు. ఆ వాక్యనిర్మాణంలోనే అది మనిషి ఒంట్లో ఉన్నదన్న తీర్పు ఉంది. మిడిసిపడటం, విర్రవీగటం, ఎగిరిపడటం అలా కాదు. అవి క్రియలు, ఫలానా రోజున ఫలానా చోట చేసిన పనులు, చేయకుండా ఉండగలిగిన పనులు. పద్యం కూడా ‘బలవంతుఁడవై యుండుట మేలా’ అనటం లేదు. ‘పలుకుట మేలా’ అని పనినే ప్రశ్నిస్తున్నది, అదీ ప్రశ్నగానే. అందుకని మంగళవారం సాయంత్రం టీ కొట్టు దగ్గర “నీకు పొగరెక్కువైంది” అనకుండా, “మొన్న ఆ అమ్మాయి వంతులో రెండుసార్లు నువ్వే పలికావు” అన్నాను. అతను గ్లాసు కిందపెట్టి, “నా పాలడిన్ అలాంటివాడే కదా అన్నా, పాత్రకు న్యాయం చేయాలి కదా” అన్నాడు. ఆ జవాబు సంగతి తరువాత రాస్తాను. ముందు ఆ రెండో పాదం మీద మీ అభిప్రాయాలు తెలియజేయండి.

ఒక సభ్యురాలి వ్యాఖ్య:

మీ అన్వయం బాగుంది గానీ నాకొక వ్యాకరణ సందేహం ఉంది. నిగ్రహించటం ద్వితీయను కోరే క్రియ. పలువురను నిగ్రహించాలి, పలువురతో నిగ్రహించటం కుదరదు. అక్కడ అసలు పాఠం ‘విగ్రహించి’ అయి ఉండవచ్చునా? సంధివిగ్రహాలు అన్నప్పుడు విగ్రహమంటే తగవే గనుక, ‘పలువురతో విగ్రహించి’ అంటే పలువురితో తగవు పడి అని ‘తో’ సుఖంగా కుదురుతుంది, టీకల్లో కనిపించే ‘విరోధించి’ కూడా దానికే దగ్గరగా ఉంది. ఇంకొక మాట. పుస్తకంలో వాక్యాలు ఏరి వాదించే ఆటగాడికి మనకు వితండవాది అన్న మాట సిద్ధంగా ఉండగా వేరే పేరు వెతకటం దేనికి?

దానికి నా సమాధానం:

చాలా మంచి సందేహం. ఛందస్సు దీన్ని తేల్చలేదు. ‘నిగ్రహించి’కీ ‘విగ్రహించి’కీ గురులఘువులు ఒకటే. యతి కూడా ‘పలువుర’, ‘పలుకుట’ల మధ్య ఉన్నది గనుక ఈ మాట మీద పడదు. అంటే అన్వయమే తేల్చాలి. నేను చూసిన ముద్రణలన్నిటిలోనూ ‘నిగ్రహించి’ అనే ఉంది. ‘పలువురతో’ను ‘పలుకుట’తో అన్వయించి, ‘నిగ్రహించి’ని మధ్యలో ఎలా పలికాడో చెప్పే మాటగా తీసుకుంటే విభక్తి చిక్కు తీరిపోతుంది. పలువురితో పలకటం, అందులోనూ వారిని అణచి పలకటం. పైగా తగవు పడాలంటే అవతలివాడు కూడా నోరు విప్పాలి. మా బల్ల దగ్గరి ఆ అమ్మాయి అతనితో తగవు పడనే లేదు, ‘సరే అన్నా’ అని ఊరుకుంది.

వితండవాది విషయంలో మాత్రం మీతో సగమే ఏకీభవిస్తాను. న్యాయశాస్త్రంలో, అంటే మన ప్రాచీన తర్కశాస్త్రంలో, వాదం, జల్పం, వితండ అని మూడు కథలున్నాయి. కథ అంటే అక్కడ చర్చ. సత్యం తేల్చుకోవటానికి చేసేది వాదం, గెలవటానికి చేసేది జల్పం, తనదంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను కొట్టివేయటమే పనిగా పెట్టుకున్నది వితండ. నియమాల ఆటగాడికి తన పక్షం గట్టిగానే ఉంటుంది, తన కత్తి తగిలిందనే అతని పట్టు. కాబట్టి అతనిది జల్పం. విచిత్రమేమిటంటే, చర్చలో ఎదుటివాడు ఓడిపోయే చోట్లకు ఆ శాస్త్రం పెట్టిన పేరు నిగ్రహస్థానాలు, అవి 22. మన పద్యంలోని మాటే అక్కడ కూడా! మా బల్ల దగ్గర జల్పానికి చేసుకున్న ఏర్పాటు చిన్నది. నియమం మీద పేచీ వస్తే అప్పటికి సూత్రధారి చెప్పినట్టు ఆట సాగాలి, పుస్తకం ఆట ముగిశాకే తెరవాలి. ఆట మొదలుపెట్టే ముందు ఇలాంటివన్నీ మాట్లాడుకునే కూటమిని ఆటగాళ్ళు సెషన్ జీరో అంటారు. మేము దాన్ని రెండేళ్ళు ఆలస్యంగా పెట్టుకున్నాం.

ఇక ‘నా పాత్ర అలాంటివాడే’ అన్న జవాబు. పద్యనాటకాల్లో దుర్యోధన వేషం కట్టినవారిని మనం చూశాం. మీసం మెలేస్తూ, తొడ చరుస్తూ సభనంతా పురుగుల్లా చూస్తాడు. అయినా కృష్ణుడి వేషగాడు రాగం ఎత్తుకుంటే, వన్స్ మోర్ అన్న కేకకు అదే పద్యం మళ్ళీ పాడుతున్నా, నోరు మెదపకుండా నిలబడతాడు. గర్వం పాత్రది, వంతు పాత్రధారిది. టీ కొట్టు దగ్గర నేను అతనికి చెప్పింది ఇంతే. పాలడిన్‌ను ఎంత గర్విష్ఠిగానైనా ఆడించమన్నాను, అయితే ఆ గర్వానికి జవాబు చెప్పే అవకాశం ఎదుటి పాత్రకు మిగల్చమన్నాను. అతను ఒప్పుకున్నాడో లేదో చెప్పలేను. “అయితే చూద్దాం అన్నా” అన్నాడు. ఆ అమ్మాయిని మళ్ళీ రమ్మని మాత్రం తనే ఫోను చేశాడు.

చివరగా మీ అందరికీ ఒక ప్రశ్న. అష్టాచెమ్మా, వైకుంఠపాళి ఆడేటప్పుడు మోసం చేసేవాణ్ణి మా వైపు తొండివాడు అంటాం. నియమం తప్పకుండానే పక్కవాడి పందెం తను వేసేవాడికి, వాడి ఎత్తు తనే చెప్పేవాడికి మీ ప్రాంతంలో ప్రత్యేకమైన మాట ఏదైనా ఉన్నదా? ఉంటే జిల్లా పేరుతో సహా రాయగలరు.