డీజిల్ లారీకి గ్యాస్ కిట్: 80 శాతం డీజిల్ మిగులుతుందంటున్నారు, నమ్మవచ్చా?

రాత్రిబండి:

అందరికీ నమస్కారం. నాకు రెండు డీజిల్ బండ్లున్నాయి. ఒకటి ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్ లారీ, నేనే నడుపుతాను. రోజుకు 240 కిలోమీటర్లు, దాదాపు అంతా హైవే. నిండు లోడుతో పోయి ఖాళీగా తిరిగొస్తాను. రానూపోనూ కలిపి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తోంది, అంటే రోజుకు 60 లీటర్లు. రెండోది టిప్పర్. మా తమ్ముడు క్వారీకీ క్రషర్‌కీ మధ్య తిప్పుతాడు. నాలుగు కిలోమీటర్లు పోవడం, లైన్లో నిలబడటం, ఖాళీ చేసి రావడం, ఇదే దాని పని.

సీఎన్‌జీ (సహజవాయువు) గ్యాస్ కిట్ బిగిస్తామని ఒకాయన వచ్చాడు. ఇంజన్ విప్పనక్కర్లేదట, రెండు రోజుల్లో బండి చేతికిస్తాడట, డీజిల్ 80 శాతం మిగులుతుందట. గ్యాస్ ఉన్నాక ఇంకా డీజిల్ ఎందుకని అడిగితే "అది అంతే సార్" అన్నాడు. ఆ మాటతోనే నాకు అనుమానం మొదలైంది. లారీ మీద ఇంకా అప్పుంది. ఇంజన్ పాడై నెల రోజులు షెడ్డులో ఉంటే కిస్తీ కట్టలేను. ఆ టెన్షన్‌తోనే అడుగుతున్నాను, ఈ పని చేసినవాళ్లు, చేయించుకున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

స్పానర్‌చెయ్యి:

తమ్ముడూ, 14 ఏళ్లుగా నా పని ఇదే. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదువు.

80 శాతం పూర్తిగా అబద్ధమని అనను. ఒకే స్పీడులో, ఒకే లోడు మీద గంటల తరబడి తిరిగే జనరేటర్ ఇంజన్లలో 70 దాటడం నేను చూశాను. రోడ్డు మీద బండి అలా తిరగదు కదా. నేను బిగించిన లారీల్లో నెల మొత్తం లెక్క తీస్తే 40 నుంచి 60 మధ్యలో వచ్చింది. నీ లారీకి 50 అనుకుని లెక్క వేసుకో.

డీజిల్ ఎందుకు కావాలో ఆయన చెప్పలేదన్నావు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని 16, 17వ వంతుకు నొక్కితే పుట్టే వేడికి డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. దానికి 250 డిగ్రీల లోపు వేడి చాలు. సహజవాయువులో ఉండేది చాలావరకు మీథేన్. అది తనంతట అంటుకోవాలంటే 540 డిగ్రీలు కావాలి, పైగా ఇంజన్‌లో దానికి దొరికేది రెప్పపాటు కాలం. అందుకని గ్యాస్‌ను గాలితో కలిపి లోపలికి పంపి, సరైన సమయానికి నాజిల్‌తో కొంచెం డీజిల్ చిమ్మిస్తాం. ఆ డీజిలే అగ్గిపుల్ల. అది లేకపోతే గ్యాస్ ఎలా వచ్చిందో అలాగే సైలెన్సర్‌లోంచి పోతుంది.

స్పార్క్ ప్లగ్ పెట్టి పూర్తి గ్యాస్ బండిగా మార్చడం వేరే పని. హెడ్ దించాలి, పిస్టన్లు మార్చి కంప్రెషన్‌ను, అంటే గాలిని నొక్కే ఆ వంతును, 11, 12కు తేవాలి. ఆ తర్వాత అది మళ్లీ డీజిల్ మీద నడవదు. రెండు ఇంధనాల కిట్‌లో ఉన్న సుఖం ఏంటంటే గ్యాస్ అయిపోయినా స్విచ్ మారిస్తే మామూలు డీజిల్ బండే.

ఇక అసలు సంగతి. డీజిల్ ఇంజన్‌కు గాలిని అడ్డుకునే థ్రాటిల్ ఉండదు. స్లోలో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరుగుతున్నా గాలిని నిండుగా పీలుస్తుంది, ఇంధనం మాత్రం కొంచెమే కావాలి. అంత గాలిలో ఆ కొంచెం గ్యాస్ పలచబడిపోతుంది. మీథేన్ మామూలుగా గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే మంట పాకుతుంది. అంతకంటే పలచనైతే నాజిల్ దగ్గర కొంత కాలి, మిగతాది పచ్చిగా బయటికొస్తుంది. అందుకే మంచి కిట్ స్లోలో గ్యాస్ ఇవ్వదు, పూర్తిగా డీజిల్ మీదే ఉంచుతుంది. అటు నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకో ఇబ్బంది. లోపల గ్యాస్, గాలి ముందే కలిసి ఉంటాయి. ఆ ఒత్తిడికి, వేడికి ఓ మూల ఉన్న గ్యాస్ మంట తనదాకా రాకముందే భగ్గుమంటుంది. అదే నాకింగ్. అక్కడ కూడా గ్యాస్ తగ్గించాల్సిందే. కాబట్టి గ్యాస్ పనికొచ్చేది ఈ రెండింటి నడుమ.

ఈ నడుమ హద్దు దాటితే ఏమవుతుందో చెబుతాను. వేరేచోట కిట్ బిగించుకున్న లారీ ఒకటి నా దగ్గరికొచ్చింది. డ్రైవరు "ఎత్తు ఎక్కుతుంటే లోపల కంకర పోసినట్టు చప్పుడొస్తోంది" అన్నాడు. హెడ్ దించితే నాలుగో పిస్టన్ అంచు చెదలు తిన్న చెక్కలా గుంటలు పడి ఉంది. వేలితో తడిమితే సన్నటి ఇసుకలా గరుకు. పై రింగు రెండు ముక్కలు. కిట్ చూస్తే నాక్ సెన్సర్ లేదు, సైలెన్సర్ వైపు వేడి చూసే సెన్సర్ లేదు. ఉన్నదల్లా గ్యాస్ పెంచే ఒక స్క్రూ. బండి ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని తిప్పి, డీజిల్ ఎంత తగ్గిందో ఓనరుకు చూపించి పంపేశారు. ఆ బండి ఓనరు కూడా నీలాగే అప్పు మీద ఉన్నవాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాజిల్ సంగతి కూడా గుర్తుపెట్టుకో. నాజిల్ కొసను చల్లబరిచేది దానిలోంచి పోయే డీజిలే. మరీ తగ్గించేస్తే కొస కాలి మసి గట్టిపడుతుంది, సన్నగా చిమ్మాల్సింది చుక్కలుగా కారుతుంది. 80 కావాలని పట్టుబడితే ముందుగా పోయేవి నాజిళ్లే.

ఆయన్ని అడగాల్సినవి: గ్యాస్ ఎక్కడ కలుస్తుంది? టర్బోకు ముందు మిక్సర్ పెడితే టర్బో, దాని గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, పైపులు అన్నీ అంటుకునే మిశ్రమంతో నిండి ఉంటాయి. ఇంటర్‌కూలర్ దాటాక, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ దగ్గర ఇంజెక్టర్లతో ఇచ్చే కిట్ తీసుకో. ఇంజన్ ఆగినా, స్పీడు హద్దు దాటినా గ్యాస్‌ను దానంతటదే మూసేసే సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) ఉందా? పాత రకం పంపు బండ్లలో గ్యాస్ వచ్చే కొద్దీ స్పీడును అదుపులో ఉంచే గవర్నరే డీజిల్ తగ్గిస్తుంది. కానీ గ్యాస్ మరీ ఎక్కువైతే గవర్నర్ డీజిల్ ఎంత కోసినా స్పీడు ఆగదు, ఆ వాల్వే దిక్కు. నీది కామన్ రైల్ (డీజిల్ చిమ్మడాన్ని కంప్యూటర్ నడిపే కొత్త రకం) అయితే ఆ కంప్యూటర్ సిగ్నల్ మార్చే బాక్స్ పెడతారు. అది సరిగ్గా లేకపోతే డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు ఆరదు.

మట్టిబండి:

నేను టిప్పర్‌కు బిగించి ఏడు నెలలకు తీసేసినవాణ్ణి. మీ టిప్పర్ పని అచ్చంగా నా బండి పనే కాబట్టి రాస్తున్నాను.

మొదటి నెల చాలా సంతోషపడ్డాను. ఇదివరకు 100 లీటర్లు పట్టే ట్రిప్పులకు 65 పట్టాయి. 35 లీటర్లు మిగిలాయని ఇంట్లో కూడా చెప్పాను. గ్యాస్ బిల్లులు విడిగా మా అబ్బాయి దగ్గర ఉండేవి, రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఒక కిలో గ్యాస్ దాదాపు 1.3 లీటర్ల డీజిల్‌కు సమానమని తర్వాత తెలిసింది. అంటే 35 లీటర్ల బదులు 27 కిలోలు పట్టాలి. నాకు పట్టింది 38. పైన అన్నగారు చెప్పినట్టే, లైన్లో నిలబడి, మెల్లగా పాకే పనిలో ఆ 11 కిలోలు నాకేమీ చెయ్యకుండా పోయాయి. స్లోలో గ్యాస్ ఆగే ఏర్పాటు నా కిట్‌లో లేదు. బండి వెనక నిలబడితే వాసన తెలిసేది కూడా. లీకు తెలియాలని గ్యాస్‌లో కలిపే వాసన మందు అది, సైలెన్సర్ దగ్గర ఎందుకొస్తోందో నాకు అప్పట్లో అర్థం కాలేదు.

ఇంజన్‌కు ఏమీ కాలేదు, అది దేవుడి దయ. కానీ తమ్ముడి బండికి మాత్రం వద్దండి.

పచ్చదారి:

నా ప్రశ్న కాస్త వేరే. పొగ తగ్గుతుందని, వాతావరణానికి మంచిదని అంటారు కదా, అదైనా నిజమేనా?

స్పానర్‌చెయ్యి:

నల్లపొగ తగ్గుతుంది, కంటికే కనిపిస్తుంది. అంతే శక్తికి గ్యాస్ కాల్చితే డీజిల్ కంటే కార్బన్ డయాక్సైడ్ నాలుగో వంతు తక్కువ వస్తుంది. అదంతా గ్యాస్ పూర్తిగా కాలితేనే. కాలని మీథేన్ 100 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 28, 30 రెట్లు, 20 ఏళ్ల లెక్కలో 80 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. మట్టిబండి గారి 11 కిలోల్లో సగం పచ్చిగా పోయినా ఆ మేలంతా కొట్టుకుపోయినట్టే. సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిస్ట్ దాన్ని కాలుస్తుందనుకోకండి. మీథేన్ మొండిది, 400 డిగ్రీల కింద దాదాపు కదలదు. గ్యాస్‌ను గాలితో కలపకుండా, చివరి క్షణంలో అధిక ఒత్తిడితో నేరుగా ఇంజన్ సిలిండర్‌లోకి కొట్టే పద్ధతిలో ఈ నష్టం చాలా తక్కువ. వోల్వో లారీల్లో 5, 10 శాతం డీజిల్‌తో నడిచేవి అవే. కానీ అది కంపెనీలో తయారయ్యే ఇంజన్, షెడ్డులో బిగించేది కాదు.

రాత్రిబండి:

అన్నా, మట్టిబండి గారూ, మీ ఇద్దరి మాటలు మా తమ్ముడికి చదివి వినిపించాను. టిప్పర్ మాట వదిలేశాం.

లారీకి పది రోజులు లెక్కల పుస్తకం రాశాను. ఇంజన్ రోజుకు సగటున 7 గంటలు తిరుగుతోంది. అందులో గంటా పది నిమిషాలు స్లోలోనే. లోడింగ్ దగ్గర ఏసీ కోసం ఆన్‌లో ఉంచుతున్నానని రాసి చూసుకున్నాకే తెలిసింది. మిగతాదంతా హైవే, ఒకే స్పీడు. సగం డీజిల్ అంటే రోజుకు 30 లీటర్లు, 1.3తో భాగిస్తే 23 కిలోల గ్యాస్. గ్యాస్ సిలిండర్లు ఎన్ని కావాలి? బరువెంత పెరుగుతుంది?

స్పానర్‌చెయ్యి:

ఇలా పుస్తకం రాసే ఓనరు దొరికితే నాకూ పని సులువు తమ్ముడూ.

60 లీటర్ల నీళ్లు పట్టే సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి దగ్గర 10 కిలోల లోపే గ్యాస్ ఉంటుంది. నీకు మూడు కావాలి. స్టీలువైతే ఖాళీగానే ఒక్కోటి దాదాపు 60 కిలోలు. ఫ్రేము, గ్యాస్ అన్నీ కలిపితే 250 కిలోలు అనుకో, అంత లోడు తగ్గించుకోవాలి. కాంపోజిట్ సిలిండర్లు చాలా తేలిక, ఖరీదు ఎక్కువ. ఏదైనా ఐఎస్‌ఓ 11439 ముద్ర, తయారైన తేదీ కంటితో చూసి తీసుకో. పరీక్ష గడువు రాసిపెట్టుకో. మార్పుకు అనుమతి, ఇన్సూరెన్స్‌లో నమోదు బిగించకముందే తేల్చుకో.

ఇంకోటి. బంకులో గబగబా కొడితే గ్యాస్ వేడెక్కి గేజు 200 చూపిస్తుంది, చల్లారాక 170కి దిగుతుంది. కంగారుపడి లీకు అనుకోకు. అలాగని ఊరుకోవద్దు, జాయింట్లకు సబ్బునీళ్లు రాసి చూడటం వారానికోసారి అలవాటు చేసుకో.

బిగించాక లోడుతోనే ట్రయల్‌కు వెళ్లమను, నువ్వు పక్కన కూర్చో. అరగంట తర్వాత బానెట్ ఎత్తి రెగ్యులేటర్ మీద చెయ్యి పెట్టు. 200 బార్ నుంచి ఒక్కసారిగా ఒత్తిడి దిగేది అక్కడే, గ్యాస్ మంచులా చల్లబడుతుంది. అందుకే ఇంజన్ వేడినీళ్ల గొట్టం దాని చుట్టూ తిప్పుతారు. రెగ్యులేటర్ వెచ్చగా ఉండాలి. తెల్లగా మంచు కట్టి ఉంటే ఆ గొట్టంలో నీళ్లు తిరగడం లేదన్నమాట. అది సరిచేసేదాకా బండి ఇంటికి తీసుకుపోకు.