ఫెరెట్ల బోను రెండు రోజులకే కంపు కొడుతోంది

ప్రశ్న: రెండు ఫెరెట్లు (ముంగిసలా కనిపించే చిన్న పెంపుడు జంతువులు), రెండంతస్తుల తీగల బోను. మలమూత్రాల ట్రే ఒక మూలన పెడితే అవి ఇంకో మూలన దొడ్డికి వెళ్తున్నాయి. వారానికోసారి స్నానం చేయిస్తున్నా వాసన పోవట్లేదు. ఏం చేయాలండీ?

జవాబు: ముందు ఆ స్నానాలు ఆపండి. సబ్బుతో చర్మం మీది నూనె పోతే చర్మంలోని గ్రంథులు ఇంకా ఎక్కువ నూనె స్రవిస్తాయి. వాసన పట్టేది గుడ్డలకి. ఊయల, పక్కగుడ్డలు వారానికోసారి పరిమళం లేని సబ్బుపొడితో ఉతకండి.

జవాబు: ట్రే సంగతి. ఫెరెట్ వెనక్కి నడిచి, పిరుదులు మూలకి ఆనించి, తోకెత్తి వెళ్తుంది. అందుకే ట్రేకి వెనక గోడ ఎత్తుగా, ముందు అంచు 2 అంగుళాలే ఉండాలి. అవి ఎంచుకున్న మూలకే ట్రే జరిపి, క్లిప్పులతో బిగించండి, లేకపోతే బోర్లేస్తాయి. అంతస్తుకొకటి తప్పనిసరి. నిద్ర లేచిన కాసేపటికే వెళ్తాయి, మెట్లు దిగేదాకా ఆగవు. ట్రేలో కాగితపు గుళికలు అంగుళం మందాన పోయండి. ఉండకట్టే మట్టి, దేవదారు పొట్టు వద్దు, ఊపిరితిత్తులకి చేటు. మలం రోజూ తీసేయండి, కానీ వెళ్లాల్సిన చోటు అదేనని వాటికి గుర్తుగా కొంచెం వదలండి.

జవాబు: తీగలకి వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడవండి. మూత్రం మీద బ్లీచ్ మాత్రం పోయొద్దు, విషవాయువు పుడుతుంది. బోను ఎండ తగలని చోట ఉంచండి, 27 డిగ్రీలు దాటితే వాటికి వడదెబ్బ భయం.