కడుపులో రక్తం ఆపే పౌడర్ ట్రయల్‌కు ఒప్పుకోవచ్చా?

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మా ఊళ్లలో కీళ్ల నొప్పుల సంగతి తెలిసిందే. మా నాయన ఏళ్ల తరబడి నొప్పి గోలీల మీదే నడిచాడు. ఇప్పుడు కడుపులో పుండు పడి, దొడ్డికి తారులా నల్లగా వస్తే హైదరాబాద్ తీసుకొచ్చాం. ఎండోస్కోపీ చేసి రక్తం ఆపారు. మళ్లీ కారితే మాత్రం, క్లిప్పుకూ (రక్తం కారే చోటును నొక్కి పట్టే చిన్న లోహపు కొక్కెం) పౌడర్‌కూ ఏది మేలో చూసే ట్రయల్ ఉంది, సంతకం పెడతారా అంటున్నారు. ఎవరికి ఏది అనేది చిట్టీ తీసినట్టే అట.

చదివి తెలుసుకున్నది: ఈ పౌడర్ సన్న గొట్టంలోంచి గ్యాస్‌తో చిమ్మే ఖనిజ పొడి. రక్తంలోని నీటిని పీల్చి పుండు మీద పొర కడుతుంది, ఒంట్లోకి ఇంకదు. 2011లో హాంకాంగ్ డాక్టర్లు 20 మంది అల్సర్ పేషెంట్ల మీద చూస్తే 19 మందికి వెంటనే ఆగింది. అమెరికాలో 2018లో అనుమతి ఇచ్చారు. కానీ ఆ పొర మూడు రోజుల్లోపే ఊడిపోతుంది. నా టెన్షన్ అంతా అక్కడే. ఊడినంక మళ్లీ కారదా?

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పౌడర్ కొట్టారా? తర్వాత ఎన్ని రోజులు ఆస్పత్రిలో ఉంచారు? ట్రయల్‌లో హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలని మన దేశంలో ట్రయల్స్‌కు పెట్టిన 2019 రూల్స్‌లో ఉంది, నిజంగా చేస్తారా? ఒప్పంద పత్రం తెలుగులో అడిగాను, సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్ కూడా. ఇంకేం అడగాలి? డాక్టర్లు, నర్సులు ఎవరైనా ఉంటే చెప్పండి. పసరు మందులు మాత్రం వద్దు, ఆ సలహాలు ఊళ్లో చాలానే వచ్చాయి.