డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు ఉంటే కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఇస్తరా?
మిర్యాలగూడలో ఉండే మా బావకు తాగి నడిపినందుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కోర్టు జరిమానా వేసింది. కట్టేసిండు, లైసెన్స్ సస్పెన్షన్ గడువు కూడా అయిపోయింది. ఈలోపు కారు పాలసీ ముగిసి 90 రోజులు దాటింది, కాబట్టి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయినట్టే. బండికి మళ్లీ ఇన్‌స్పెక్షన్ చేయించాలె, అది సరే. థర్డ్ పార్టీకి (మన బండితో ఎదుటోళ్లకు అయ్యే నష్టానికి) ఇబ్బంది లేదు. చిక్కంతా ఓన్ డ్యామేజీ (మన బండికే అయ్యే నష్టం) దగ్గరే.

ప్రపోజల్ ఫారంలో 'నడిపే వ్యక్తికి శిక్ష పడిందా' అని ఉంది. ఏజెంటు 'లేదు' అని రాయమంటుండు. దాస్తే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు, నిజం చెప్పలేదని క్లెయిమే కొట్టేయొచ్చు. అందుకే 'అవును' అనే రాయిస్తం. కోర్టు ఆర్డరు, జరిమానా రసీదు జతచేస్తే సరిపోతదా? ప్రీమియం పెంచుతరా, ఓన్ డ్యామేజీ అసలే ఇయ్యమంటరా? ఆర్‌సీ అక్క పేరు మీదికి మార్చమనే సలహా వద్దు, నడిపేది బావే. నల్లగొండ, సూర్యాపేట వైపు ఇట్ల చేయించుకున్నోళ్లు చెప్పండి.