లేడీస్ బూట్స్‌లో మొదటి మంచి జత ఏది తీసుకోవాలి? బూట్లంటే ఇష్టమున్నవాళ్ళు చెప్పండి

కొత్తడుగు:
హాయ్ అందరికీ. ఇన్నాళ్ళూ ఫ్లాట్స్, స్నీకర్స్ తోనే లాగించేశాను, ఇప్పుడు ఒక మంచి బూట్ల జత కొనాలని గట్టిగా అనుకుంటున్నా. కానీ చూడటం మొదలుపెడితే బుర్ర తిరిగిపోతోంది, చెల్సీ అంటారు, కాంబాట్ అంటారు, సాక్ బూట్స్ అంటారు, మోకాలి దాకా వచ్చేవి, మోకాలు దాటేవి, మోడల్స్ వేసుకున్న ఫోటోల్లో అన్నీ బ్రహ్మాండంగానే ఉంటున్నాయి. నేను పొట్టి, పిక్కలు కొంచెం లావు. ఆఫీసుకి ప్యాంటు మీద వేసుకోవాలి, బయటికెళ్ళేటప్పుడు డ్రెస్ మీదకీ బాగుండాలి, నడక కూడా ఎక్కువే ఉంటుంది. హీల్ కావాలి, కాళ్ళ నొప్పి వద్దు. ఒకటే జత అంటే ఏది? ఇంకోటి, కచ్చితంగా లెదరే కావాలా, సింథటిక్ అయినా పర్లేదా? దయచేసి "మీకు నచ్చింది కొనుక్కోండి" అని మాత్రం అనకండి, మీ సొంత అభిప్రాయం కావాలి.

మడమచప్పుడు:
ఒకటే జత అంటే నేను ఇంకో ఆలోచన లేకుండా చెల్సీ అంటాను. చీలమండ పైదాకా వచ్చేది, బ్లాక్ హీల్ (దిమ్మెలా లావుగా ఉండేది), ఎత్తు అయిదారు సెంటీమీటర్లకి మించకుండా, ముందు బాదం ఆకారంలో ఉండే టో. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

చెల్సీ అంటే రెండు పక్కలా ఎలాస్టిక్, వెనక లాగడానికి చిన్న పట్టీ, అంతే. లేసు లేదు, బకిల్ లేదు, జిప్ లేదు. విక్టోరియా రాణి కాలంలో ఆవిడకి షూస్ చేసిన స్పార్క్స్ హాల్ అనే ఆయన తెచ్చిన డిజైన్ అంటారు, అప్పటిదాకా ఆడవాళ్ళ బూట్లంటే వరసగా గుండీలో లేసులో, వేసుకోడానికే బోలెడంత టైమ్. చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంట్ తీసుకున్న వల్కనైజ్డ్ రబ్బర్ (గంధకం కలిపి వేడిచేసి గట్టిపరిచింది) వచ్చాక సాగి మళ్ళీ వెనక్కి వచ్చే ఎలాస్టిక్ నిలబడింది, దాంతోనే ఈ బూట్ సాధ్యమైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా డిజైన్ పెద్దగా మారలేదంటే దాని గొప్పతనం ఏంటో అర్థం చేసుకోండి. నాకు ఇది ఎందుకింత ఇష్టమంటే ఇందులో తప్పు దాచుకోడానికి చోటు లేదు. మిగతా వాటిలో కటింగ్ బాగోలేకపోయినా బకిళ్ళు, స్టడ్స్, చైన్లు పెట్టి కన్ను తిప్పేస్తారు. చెల్సీలో గీత సరిగ్గా ఉంటేనే అందం, లేకపోతే ముద్దలా ఉంటుంది.

కాబట్టి షాపులో చేతిలోకి తీసుకున్నప్పుడు పైనుంచి కాదు, పక్క నుంచి చూడండి. టేబుల్ మీద పెట్టి కళ్ళ ఎత్తుకి తెచ్చుకుని చూస్తే హీల్ ఎక్కడుందో తెలుస్తుంది. హీల్ మధ్య భాగం మీ మడమ ఎముక కిందకి రావాలి. కొన్నిటికి హీల్ మరీ వెనక్కి జరిపి పెడతారు, ఫోటోలో సన్నగా కనిపిస్తుంది, వేసుకుంటే బరువు హీల్ మీద పడక పాదం ముందుకి జారుతూ ఉంటుంది, సాయంత్రానికి వేళ్ళ కింద మంట. తర్వాత వెనక నుంచి చూడండి, మధ్య కుట్టు నిట్టనిలువుగా ఉందా, రెండు బూట్లూ ఒకేలా నిలబడ్డాయా అని. ఎలాస్టిక్‌ని వేలితో లాగి వదిలితే టక్కున వెనక్కి రావాలి, బద్ధకంగా వచ్చిందంటే కొన్నాళ్ళకే అక్కడ నోరు తెరుచుకుంటుంది.

మీరు పొట్టి అన్నారు కదా, మీకు ముఖ్యమైన మాట ఇదీ. బూట్ పై అంచు కాలి మీద ఒక అడ్డగీత గీస్తుంది. ఆ గీత కాలు సన్నగా ఉన్న చోట పడితే కాలు పొడుగ్గా కనిపిస్తుంది, పిక్క లావుగా ఉన్న చోట పడితే కాలు అక్కడికే తెగిపోయినట్టుంటుంది. అందుకే సగం పిక్క దాకా వచ్చే బూట్లు మనలాంటి వాళ్ళకి అస్సలు వద్దు, ఎంత ట్రెండ్‌లో ఉన్నా సరే. చీలమండ దగ్గర ఆగిపోవాలి, లేదంటే మోకాలి కింద దాకా పోవాలి, మధ్యలో నిలబడిపోకూడదు.

పొడుగుబూటు:
పైన చెప్పిన వాటిలో గీత సంగతి అక్షరాలా నిజం. కానీ ఒకటే జత అన్నప్పుడు డ్రెస్ మీదకి కూడా కావాలన్నారు కదండీ, మరి మోకాలి దాకా వచ్చే బూట్ ఎందుకు వదిలేస్తున్నారు? చెల్సీ ప్యాంటు మీద అందం, ఒప్పుకుంటా. మోకాలి కిందకి వచ్చే డ్రెస్, దాని అంచు లోపలికి దూరిపోయిన పొడుగు బూట్, మధ్యలో కాలు కనపడకుండా ఒకటే ధార, దాని ముందు ఇంకేదీ నిలబడదు నా దృష్టిలో. పొట్టివాళ్ళకి ఇది ఇంకా బాగుంటుంది, అడ్డగీతే కనిపించదు కాబట్టి.

పిక్కలు లావు అని భయపడి చాలామంది వీటి జోలికే పోరు, అది అనవసరం, కొలత తెలియకపోవడమే సమస్య. సాయంత్రం పూట కుర్చీలో కూర్చుని, పాదం నేలకి పూర్తిగా ఆనించి, పిక్క అన్నిటికంటే లావున్న చోట టేపు చుట్టండి, బిగించొద్దు. రెండు కాళ్ళూ కొలవండి, చాలామందికి తేడా ఉంటుంది, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. జీన్స్ మీద వేసుకునేటట్టయితే జీన్స్‌తోనే కొలవండి. తర్వాత నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతుందో చూడండి, ఇది ఎవరూ చూడరు. మోడల్‌కి మోకాలి కిందకి వచ్చిన బూట్ మనకి ఆ మడతలోకి వచ్చి కూర్చున్న ప్రతిసారీ గుచ్చుకుంటుంది. అంచు ఆ మడతకి రెండు వేళ్ళు కింద ఆగాలి. కొత్తలో ఇంకొంచెం ఎత్తుగా అనిపించినా పర్లేదు, మెత్తటి లెదర్ అయితే చీలమండ దగ్గర ముడతలు పడి కాస్త కిందకి దిగుతుంది.

వెనక మొత్తం సాగే క్లాత్ ఉండి ముందు లెదర్ ఉండే రకం ఉంది చూడండి, లావు పిక్కలకి అది వరం. జిప్ ఉంటే కింద నుంచి పైదాకా పూర్తిగా ఉండాలి, సగం జిప్ వాటిలో పాదం దూర్చడమే యుద్ధం.

ఇంకోటి, పొడుగు బూట్ అంటే హీల్ ఉండాలనేం లేదు. 1963లో ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాన్ లారాన్ కలెక్షన్‌కి షూ డిజైనర్ రోజె వివియే మొసలి తోలుతో తొడల దాకా బూట్లు చేశాడు, ఆ మరుసటి ఏడాదే కురెజ్ అనే ఇంకో డిజైనర్ తెల్లటి పొట్టి బూట్లు తెచ్చాడు, దాదాపు హీల్ లేకుండా, అమ్మాయిలు హాయిగా నడిచేలా. ఆ కాలం ఫోటోలు చూడండి, ఫ్లాట్ బూట్‌తో ఎంత స్టైల్ వస్తుందో తెలుస్తుంది. ఆడవాళ్ళ బూట్‌లో స్టైల్ అంటే హీలే అనే మాట నాకు అస్సలు నచ్చదు.

కొత్తడుగు:
అబ్బ ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, ఇద్దరికీ థాంక్స్. పొడుగుబూటు గారూ కొలిచి చూశా, నిజంగానే రెండు పిక్కలకీ తేడా ఉంది. ప్రస్తుతానికి ఆఫీసు వాడకమే ఎక్కువ కాబట్టి మొదట చెల్సీ వైపే మనసు పోతోంది, తర్వాత పొడుగువి. లెదర్ సంగతి ఎవరైనా చెప్పగలరా? స్యూడ్ (పైన నూగుగా, మెత్తగా ఉండే తోలు) చూస్తే ప్రాణం లేచొస్తోంది కానీ వానలో ఏమవుతుందో అని భయం. అలాగే సన్నటి స్టిలెటో హీల్ ఉన్న బూట్స్ మీద మీ అభిప్రాయం?

కుట్టుదారం:
లెదర్ గురించి నేను చెప్తా, నాకు బూట్ విప్పి లోపల ఏముందో చూడటమంటేనే ఇష్టం.

"జెన్యూన్ లెదర్" అని ముద్ర ఉంటే చాలు అనుకోకండి, ఆ మాటకి అది తోలు అని తప్ప ఇంకేం అర్థం లేదు. ఫుల్ గ్రెయిన్ అంటే తోలు పై పొర అలాగే ఉంచేసింది, దగ్గరగా చూస్తే సన్నటి రంధ్రాలు, అక్కడక్కడ సహజమైన గీతలు కనిపిస్తాయి, వేలితో నొక్కితే చుట్టూ సన్నటి ముడతలు లేచి మళ్ళీ సర్దుకుంటాయి. పై పొర గీకేసి ప్లాస్టిక్ పూత వేసింది మొదట్లో అద్దంలా మెరుస్తుంది గానీ వేళ్ళ దగ్గర వంగే చోట పగుళ్ళు వచ్చాయంటే ఇక ఏ పాలిష్‌తోనూ పోవు. ఫుల్ గ్రెయిన్‌లో అదే చోట మడతలు పడతాయి, వాటికి క్రీమ్ పెడుతూ ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ అందమే.

సింథటిక్ తప్పు కాదు, జంతువుల తోలు వద్దనుకునే వాళ్ళకి అదే దారి. కాకపోతే ఈ బూట్లలో ఎక్కువగా వాడే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌కి ఒక గుణం ఉంది, గాలిలో తేమ తగిలి మెల్లగా లోపల నుంచి విడిపోతుంది, వాడకుండా అల్మరాలో పెట్టినా సరే. ఏళ్ళ తర్వాత తీస్తే పొట్టు పొట్టుగా రాలిపోయేది అందుకే. కాబట్టి సింథటిక్ కొంటే దాచుకోకుండా రోజూ వేసుకోండి, ఆ రెండు మూడేళ్ళు ఆనందంగా వాడేసుకోండి.

స్యూడ్‌కి నీళ్ళు తగిలితే చచ్చిపోతుందన్న భయం వద్దు. ముందే వాటర్ ప్రూఫ్ స్ప్రే కొట్టండి, తడిస్తే లోపల కాగితాలు కుక్కి నీడలో ఆరనివ్వండి, పూర్తిగా ఆరాక స్యూడ్ బ్రష్‌తో ఒకే వైపుకి దువ్వండి, నూగు మళ్ళీ లేస్తుంది. హీటర్ దగ్గరా, హెయిర్ డ్రయ్యర్‌తోనూ మాత్రం ఆరబెట్టొద్దు, ఏ లెదర్ అయినా బిరుసెక్కిపోతుంది. నిజమైన శత్రువు నీళ్ళు కాదు, నూనె మరక.

సోల్ ఎలా అతికించారో కూడా చూడండి. లేడీస్ బూట్లలో ఎక్కువ శాతం జిగురుతో అంటించినవే, సన్నగా తేలిగ్గా ఉండటానికి అదే వీలు, జిగురు అనగానే తీసిపారేయక్కర్లేదు. కొంచెం దళసరిగా ఉన్నా పర్లేదు ఎక్కువకాలం కావాలంటే గుడ్‌ఇయర్ వెల్ట్ వెతకండి, అంచు చుట్టూ తోలు పట్టీ వేసి కుడతారు, సోల్ అరిగితే మార్చుకోవచ్చు. పైన రబ్బర్ గుడ్‌ఇయర్ గురించి చెప్పారు కదా, ఈ కుట్టుకి పేరొచ్చింది వాళ్ళబ్బాయి వల్ల, ఆయన పేరూ చార్లెసే.

ఏ బూటైనా హీల్ చివర ఉండే చిన్న రబ్బర్ ముక్క మీద కన్నేసి ఉంచండి. అది అరిగి హీల్ నేలకి తగలకముందే చెప్పులు కుట్టే వాళ్ళ దగ్గర మార్పించేస్తే చిన్న పని, ఆలస్యం చేస్తే హీల్ మొత్తం పోతుంది.

నల్లబూటు:
అందరూ చెల్సీ, పొడుగు బూట్లు అంటున్నారు, కాంబాట్ బూట్లని ఎవరూ తలుచుకోలేదే! డాక్ మార్టెన్స్ కంపెనీది 1460 అని ఎనిమిది కన్నాల లేసు బూట్, పసుపు కుట్టు, ఆ నంబరు ఏంటంటే అది మొదట తయారైన తేదీ, 1960 ఏప్రిల్ 1, అంటే 1-4-60. ఫ్యాక్టరీ పనివాళ్ళు, పోస్ట్‌మన్‌లు వేసుకున్న బూట్ అది, ఇప్పుడు పువ్వుల ఫ్రాక్ మీద వేసుకుంటే ఎంత బాగుంటుందో. పల్చటి బట్ట, కింద బరువైన బూట్, ఆ రెండిటి పొత్తు ఇంకే జతకీ రాదు. లేసు ఉంది కాబట్టి చీలమండ దగ్గర ఎవరి కాలికి తగ్గట్టు వాళ్ళు బిగించుకోవచ్చు, లావు సన్నం గొడవే లేదు. కొత్తలో బిరుసుగా ఉంటాయి, మందం సాక్స్‌తో ఇంట్లో తిరిగి మెత్తబరచాలి, అది మాత్రం తప్పదు.

కింద పళ్ళు పళ్ళుగా ఉండే లగ్ సోల్ కూడా ఫ్యాషన్ కోసం పుట్టింది కాదు. 1935లో ఇటలీలో కొండెక్కుతూ ఆరుగురు చనిపోయారు, సరైన బూట్లు లేక. వాళ్ళతో వెళ్ళిన విటాలే బ్రమానీ ఆ తర్వాత కూర్చుని పట్టు ఉండే రబ్బర్ సోల్ తయారుచేశాడు, ఇలాంటి సోల్స్ చేసే విబ్రమ్ కంపెనీ పేరు ఆయన పేరులోంచి వచ్చిందే. తడి నేల మీద నడిచే వాళ్ళకి లగ్ సోల్ చెల్సీ అయినా తీసుకోమంటాను, నున్నటి సోల్ వద్దు.

మడమచప్పుడు:
నల్లబూటు గారి లగ్ సోల్ సలహా మంచిదే, కానీ ఆఫీసుకి అయితే పళ్ళు మరీ లోతుగా లేనివి చూడండి, లోతైన పళ్ళతో బూట్ ముందు భాగం బరువుగా కనిపించి చెల్సీ గీత చెడిపోతుంది.

స్టిలెటో అడిగారు. చూడ్డానికి నాకు ప్రాణం. ముఖ్యంగా సాక్స్‌లా సాగే సాక్ బూట్‌కి సన్న హీల్ పెట్టి, చీలమండకి చర్మంలా అతుక్కుపోయి ఉంటే ఒక్క ముడత కూడా లేకుండా ఆ వంపు కనిపిస్తుంది చూడండి, అంత అందమైన వస్తువు బట్టల అల్మరాలో ఇంకోటి ఉండదు. కానీ నడక ఎక్కువ అన్నారు కాబట్టి మొదటి జతగా వద్దనే చెప్తా. హీల్ పెరిగేకొద్దీ బరువంతా పాదం ముందు భాగం మీదకి వచ్చేస్తుంది, పైగా సాక్ బూట్‌లో పాదాన్ని గట్టిగా పట్టి ఉంచేది ఏమీ ఉండదు. ఎత్తు కావాలంటే ముందు కూడా ఒక సెంటీమీటరో రెండో మందం ఉన్న సోల్ తీసుకోండి, అప్పుడు ఏడు సెంటీమీటర్ల హీల్ కూడా పాదానికి అయిదారులాగే ఉంటుంది.

సైజు చూసేటప్పుడు సాయంత్రమే వెళ్ళండి, పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి కాబట్టి. మీరు రోజూ వేసుకునే సాక్స్‌తోనే ట్రై చేయండి. మెట్లు దిగి చూడండి, వేళ్ళు ముందు గోడకి కొట్టుకుంటే ఆ సైజు వదిలేయండి. కొత్త చెల్సీలో మడమ కాస్త లేవడం మామూలే, సోల్ వంగడం అలవాటయ్యాక తగ్గిపోతుంది, కానీ పాదం పైభాగంలో నొక్కేస్తుంటే అది తగ్గదు, లేసు లేదు కాబట్టి వదులు చేసే దారీ ఉండదు.

రంగు మీరు అడగలేదు గానీ చెప్పేస్తున్నా. ఆఫీసు ప్యాంట్లు ఎక్కువ నలుపు అయితే నల్ల లెదర్, ప్యాంటూ బూటూ కలిసిపోయి కాలు పొడుగ్గా కనిపిస్తుంది. నేవీ, గ్రే, జీన్స్ ఎక్కువ అయితే ముదురు చాక్లెట్ బ్రౌన్ స్యూడ్. తేనె రంగు, లేత ట్యాన్ చూడ్డానికి ముద్దొస్తాయి కానీ అవి రెండో జతకి ఉంచండి. తీసుకున్నాక పక్క నుంచి ఒక ఫోటో పెట్టండి ఇక్కడ, హీల్ ఎక్కడుందో చూసి చెప్తాం.